లాలాజల గ్రంథుల్లో రాళ్ళు: అల్ జహ్రావీ నుండి బాక్టీరియా వాదం వరకు

నాలుక కింద లేచే ఒక రకం వాపును అరబ్బు వైద్యులు ‘కప్ప’ అనేవారు. ఖుర్తుబా సమీపంలోని మదీనతుజ్ జహ్రాకు చెందిన అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ (మరణం హి. 404, క్రీ.శ. 1013) తమ ‘అత్తస్రీఫ్’ ముప్పయ్యవ భాగంలో దీనికి ఒక అధ్యాయమే కేటాయించారు. రోగిని ఎండకు ఎదురుగా ఉంచి, నోరు తెరిపించి చూడమన్నారు. వాపు నల్లగా, గట్టిగా, స్పర్శ లేకుండా ఉంటే అది రాచపుండు, దాని జోలికి పోవద్దన్నారు. తెల్లగా, నీరు పట్టినట్లుంటే కొక్కెంతో పట్టి సన్నని కత్తితో కోసి తీయమన్నారు. పళ్ళ గారను గీకి తీసే పనిముట్ల బొమ్మలు కూడా ఆ గ్రంథంలోనే ఉన్నాయి.

ఇంతవరకు చరిత్ర. సూక్ష్మజీవుల సంగతి కూడా మన పూర్వులు ఎరుగుదురని కొందరు అభిమానం కొద్దీ అంటుంటారు. ఆ మాట నిలవదు. శరీరంలో రాయి పుట్టడానికి చిక్కని జిగట పదార్థమూ, దాన్ని గట్టిపరచే వేడీ కారణమని ఇబ్నె సీనా వంటి వారు తలచారు. సూక్ష్మదర్శిని లేని కాలంలో అంతకు మించి ఆశించడం న్యాయం కాదు.

దవడ కింది గ్రంథి నాళాన్ని ఇంగ్లండులో థామస్ వార్టన్ 1656లో వర్ణించాడు. హాలండులో లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిలో కదలాడే ప్రాణులను చూసి 1683లో లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. లాలాజల రాళ్ళలో సూక్ష్మజీవులున్నాయనీ, రాయి పుట్టుకకు అవే కారణమనీ ఫ్రెంచి వైద్యుడు గాలిప్ 1886లో వాదించాడు.

వాదం అంతటితో తేలలేదు. ఈ రాళ్ళలో నూటికి ఎనభై వరకు దవడ కింది గ్రంథిలోనే ఏర్పడతాయి. దాని నాళం పొడవైనది. ఉమ్మి పైకి ఎక్కిరావాలి. పైగా ఆ ఉమ్మి చిక్కన, అందులో కాల్షియం ఎక్కువ. పారుదల మందగిస్తే కాల్షియం ఫాస్ఫేటు పేరుకుంటుంది. నోటిలోని బాక్టీరియా నాళం వెంట లోనికి చేరితే, ఆ పేరుకోవడానికి వాటి కళేబరాలే పునాది అవుతాయని ఒక పక్షం. రాళ్ళ లోపల బాక్టీరియా జన్యుపదార్థం దొరకడం ఈ పక్షానికి బలమిచ్చింది. కాని బాక్టీరియా అసలే సోకకుండా పెంచిన ఎలుకల పళ్ళపై కూడా గార కడుతుందని 1960లో వెల్లడైంది. పంటి గారా, గ్రంథిలోని రాయీ ఒకటి కావు, నిజమే. అయినా బాక్టీరియా చేరాక రాయి పుట్టిందా, రాయి పుట్టాక బాక్టీరియా చేరిందా అన్నది నేటికీ తెగని ప్రశ్న.

మిస్వాక్ విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. అది సున్నత్, పళ్ళ పాచిని తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. గ్రంథిలో రాయిని కూడా ఆపుతుందని చెప్పదలచినవారు ఆధారం చూపాలి.