పెద్దరోగం, విషం నింద

పశువులకు పెద్దరోగం వస్తే రైతుకు ఎద్దు పోయేది. ఉత్తరాదిలో చమార్ల మీద నేరం పడేది. తోళ్ల కోసం చమార్లే పశువులకు పాషాణం పెడుతున్నారని 1850ల నుంచి బ్రిటిష్ అధికారులు రాస్తూ వచ్చారు. పాషాణం తిన్నా, పెద్దరోగం సోకినా పశువు విరేచనాలతోనే చస్తుంది, పేగులు ఎర్రబడతాయి. తేడా కోసి పరీక్షిస్తేనే తెలుస్తుంది. అధికారులు కులం చూసి తేల్చేశారు.

పరీక్షించే ప్రయోగశాల 1889లో పుణెలో పుట్టి, 1893లో కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్‌కు మారింది. 1920లలో దాని డైరెక్టరు జె.టి. ఎడ్వర్డ్స్. పెద్దరోగం వైరస్‌ను మేక నుంచి మేకకు వందలసార్లు ఎక్కించి దాని తీవ్రత తగ్గించాడు. 1954లో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమానికి ఆ మేక టీకాయే ఆసరా. 2006లో ఇండియాకు, 2011లో ప్రపంచానికి ఆ రోగం పీడ వదిలింది.

ఎడ్వర్డ్స్ ఘనతను కాదనక్కర్లేదు. కానీ తరతరాలుగా చచ్చిన గొడ్డును కోసినవాళ్లు అక్కడ చమార్లు, ఇక్కడ మాదిగలు. గొడ్డు కోత ప్రయోగశాలలో చేస్తే శాస్త్రం, ఊరి బయట చేస్తే అంటు! ఒకరికి హోదా, ఇంకొకరికి కేసు!

దొమ్మరోగం అనుమానముంటే కళేబరాన్ని కోయొద్దు, చెవి రక్తం చుక్క చాలు అని పశువైద్య విద్యార్థికి పాఠం చెప్తారు. ఆ పాఠం ముందుగా అందాల్సింది తోలు తీసే చేతులకే.