అద్దం వణికితే చేను జరిగిపోద్ది: అంతరిక్షం నుంచి ఆదోని

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని వీడియో తీసి చూడండి. దగ్గరి కరెంటు స్తంభాలు ఒక పక్కకి వాలిపోతాయి. బస్సు గుంతలో పడితే స్తంభం మెలికలు తిరుగుతుంది. ఎందుకంటే ఫోన్ కెమెరా బొమ్మని ఒకేసారి తీయదు, వరస తర్వాత వరస చదువుతుంది. ఎమ్మిగనూరు మగ్గం మీద పేక పోగులు ఒక్కొక్కటే పడినట్టు. ఈలోపు ఫోన్ కదిలితే తర్వాతి వరస పక్కకి జరుగుతుంది.

ఉపగ్రహాలకీ ఇదే తలనొప్పి. అక్కడ గుంతల్లేవు, మరి ఊపేదెవరు?

1982 జులై 16న అమెరికా ల్యాండ్‌శాట్-4ని పంపింది. అందులో థీమాటిక్ మ్యాపర్ అనే స్కానర్ ఉంది. 705 కిలోమీటర్ల ఎత్తులో దాని అద్దం సెకనుకు దాదాపు 7 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. పోయేటప్పుడు 16 వరసలు, వచ్చేటప్పుడు 16 వరసలు. చివర ఆగి వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఉపగ్రహం అదురుతుంది. పక్కనే పాత రకం స్కానర్, దాని అద్దానిది ఇంకో లయ. అంటే కెమెరాని కదిలించేది కెమెరానే!

ఆ అదురు ఎంతుంటే నష్టం? కిలోమీటరు దూరంలోని గోడ మీద టార్చి వెలుగు 4 సెంటీమీటర్లు జరిగేంత చెయ్యి వణికితే చాలు, ఒక పిక్సెల్ తప్పినట్టే. పిక్సెల్ అంటే 30 మీటర్లకి 30 మీటర్లు, మన లెక్కలో 22 సెంట్లు. ఎకరం పత్తి చేనుకి నాలుగున్నర పిక్సెళ్లే వస్తాయి. పోయినేడు బొమ్మ మీద ఈ ఏడు బొమ్మ పెట్టి "ఇక్కడ పంట ఎండింది" అని చెప్పాలి కదా, ఒక్క పిక్సెల్ జరిగినా పక్కోళ్ల బీడు మీ చేనులో పడుతుంది. కరువు పదేపదే తగిలే సీమలో అది చిన్న సంగతి కాదు. జిల్లా మొత్తాన్ని కిలోమీటరు పిక్సెల్‌తో చూస్తే ఇంత అదురు కనపడనే కనపడదు. ఊరి దాకా దిగితేనే గొడవ.

అదురుని పూర్తిగా ఆపలేమని ఇంజనీర్లకి తెలుసు. అందుకే కొలిచారు. నెమ్మది కదలికలకి గైరోలు, వేగంగా వణికేదానికి స్కానర్ మీదే ఇంకో సెన్సర్. ఆ లెక్క బొమ్మతో పాటే కిందికి వచ్చేది, కంప్యూటర్ ఒక్కో వరసనీ దాని చోటికి జరిపేది. మీ ఫోన్‌లో వీడియో స్టెబిలైజేషన్ చేసేది కూడా దాదాపు ఇదే.

ఇస్రో దారి వేరు. 1988 మార్చి 17న బైకనూర్ నుంచి వెళ్లిన ఐఆర్ఎస్-1ఏలో ఊగే అద్దమే లేదు. సెన్సర్ల వరస ఒకటి నేలని ఊడ్చుకుంటూ పోతుంది. నాకైతే ఇదే తెలివైన పని అనిపిస్తుంది. అయినా ఉపగ్రహాన్ని తిప్పే చక్రాలు, సోలార్ పలకలు ఊరుకోవుగా! 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1కి పిక్సెల్ 2.5 మీటర్లే. ఇందాకటి టార్చి వెలుగు ఇప్పుడు 4 మిల్లీమీటర్లు జరిగినా తప్పే.

ఇలాంటి కెమెరాలకి ఇంకో ఉపాయం ఉంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్ని వేరు వేరు సెన్సర్ వరసలు చూస్తాయి. అందుకే ఒకే బండరాయిని ఒకటి ముందు, ఇంకోటి క్షణంలో కొంత తర్వాత చూస్తాయి. రెండు బొమ్మలూ అతక్కుండా అలలాగా తేడా వస్తే, ఆ తేడాలోంచే అదురుని లెక్కగట్టి వరసల్ని వెనక్కి జరపొచ్చు. కాకపోతే పోల్చడానికి గుర్తులు కావాలి. దున్ని వదిలిన నల్లరేగడిలో పట్టుకోడానికి ఏమీ దొరకదు. ఆదోని కొండల మీద బండలకి మాత్రం కొదవే లేదు.