శబ్దవేధి: మృగయాధర్మములో దృష్టి, వేషము, కీర్తి



రామాయణ ప్రవచనము అయోధ్యాకాండకు వచ్చినప్పుడెల్ల శ్రోతలలో ఎవరో ఒకరు అడుగుచునే ఉందురు: "దశరథుడు తెలియక చేసిన పనికి అంత ఘోరమైన శాపమేల?" సముచితమైన ప్రశ్న. సమాధానము కావలెనన్న, మన పూర్వులు వేటను ఏ దృష్టితో చూచిరో ముందు తెలియవలెను.

కామము వలన పుట్టు పది వ్యసనములలో మనుస్మృతి మృగయను మొట్టమొదట లెక్కించినది. అర్థశాస్త్రము ఎనిమిదవ అధికరణములో దీనిపై ఒక వాదమే నడచినది. జూదము కంటె వేటయే ఎక్కువ కీడని పిశునుని మతము. దొంగలు, శత్రువులు, క్రూరమృగములు, దావాగ్ని, దారి తప్పుట, ఆకలిదప్పులు, ప్రాణభయము అని అతడు అపాయములను వరుసగా చూపినాడు. కౌటిల్యుడు జూదమే అధికమైన కీడన్నాడు. వేటలో వ్యాయామమున్నది, మేదస్సు కరగును, కదలు లక్ష్యమును కొట్టు నేర్పు కలుగును, మృగముల కోపభయములు తెలియును అని అతని సమాధానము.

అయినను కౌటిల్యుడు అపాయమును ఉపేక్షింపలేదు. వేటగాండ్రు, వేటకుక్కలను నడుపువారు ముందుగా అడవిలో ప్రవేశించి దొంగలను, క్రూరమృగములను తొలగించిన పిమ్మటనే రాజు అందు అడుగిడవలెనని నియమించినాడు. రాజవిహారమునకు ఒకే ద్వారము, చుట్టును అగడ్త గల మృగవనమును కూడ విధించినాడు. అయితే ఇవన్నియు రాజును కాపాడు ఏర్పాట్లు. రాజు బాణము నుండి ఇతరులను కాపాడునది ఏది?

ఇక్కడ వేషము సంగతి వచ్చును. రఘువంశము తొమ్మిదవ సర్గలో కాళిదాసు దశరథుని వేటకు తగిన వేషములో చూపినాడు. సిగలో వనమాల, మేన చెట్ల ఆకుల వన్నె గల కవచము. మృగమునకు కనబడకుండుటకు ఇట్టి వేషము తగినదే. కాని తాను కనబడకుండ ఇతరులపై బాణము వేయువానికి, ఎదుట నున్నది ఏదో చూచు బాధ్యత రెట్టింపగును.

రాముడు అడవికి వెడలిన ఆరవ రాత్రి, అర్ధరాత్రమున, దశరథుడు కౌసల్యకు తన పాపమును చెప్పుకొన్నాడు. అప్పుడతడు యువరాజు. వర్షాకాలము, సరయూతీరము, చీకటి. నీట కడవ మునిగిన చప్పుడు ఏనుగు చప్పుడుగా తోచినది. బాణము విడిచినాడు. పడినవాడు జడలు ధరించి, నారచీర, మృగచర్మము కట్టిన తాపసకుమారుడు. ఆ వేషమును ఒక్క క్షణము చూచియున్న చేయి ఆగెడిది. యుద్ధమున తప్ప ఏనుగును చంపుట రాజులకు నిషిద్ధమని కాళిదాసు ఈ ఘట్టముననే గుర్తుచేసినాడు. అనగా అనుకొన్న గురియే తప్పు, తగిలిన గురి మహాపరాధము.

వాల్మీకి దశరథుని నోటనే మరొక కారణమును పలికించినాడు. కుమారుడు శబ్దవేధి అని లోకము తనను పొగడుచుండెనట. చూడకయే కొట్టగలడన్న కీర్తియే చూడవలసిన అవసరమును మరపించినది.

వృద్ధతాపసుని తీర్పులో మన ప్రశ్నకు సమాధానమున్నది. నీవే వచ్చి చెప్పకపోయిన నీ శిరస్సు పగిలెడిది. తెలియక చేసితివి గనుకనే బ్రతికియున్నావు. తెలిసి చేసియుండిన నీ వంశమే నిలిచెడిది కాదు అని ఆయన అన్నాడు. అయినను పుత్రశోకముతో మరణింతువని శపించినాడు. అజ్ఞానము శిక్షను తగ్గించినది, తుడిచివేయలేదు. ఏలయన అది తప్పించుకొనరాని అజ్ఞానము కాదు; తెలిసికొనుటకు ఆగకపోవుట వలన కలిగినది.

మహాభారతము మౌసలపర్వములో జర అను వ్యాధుడును ఇట్లే పొరబడినాడు. మృగమనుకొని కొట్టి, పట్టుకొనుటకు దగ్గరకు వచ్చిన తరువాతనే పీతాంబరమును చూచినాడు. బాణమునకు ముందు చూడవలసిన వస్త్రమది. స్వామి అతనిని ఓదార్చినాడు. అది ఆయన కరుణ.

నేడు మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. వేట అనుమతింపబడిన అమెరికాలో, తుపాకితో జింకలను వేటాడు కాలమున మెరయు నారింజరంగు వస్త్రము ధరింపవలెనని అనేక రాష్ట్రముల చట్టము. జింక కంటికి ఆ రంగు మనకు వలె ఆనదు; తోటి మనిషికి మాత్రము దూరము నుండియే కనబడును. గురి ఏదో, దాని వెనుక ఏమున్నదో నిశ్చయింపక తుపాకి మీట నొక్కరాదని అక్కడ వేటగాండ్రకు నేర్పుదురు. సరయూతీరమున లోపించినది ఈ నియమమే.

ఇక కీర్తి మాట. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఉన్న అశోకుని ఎనిమిదవ శిలాశాసనము, పూర్వరాజులు వేటతో కూడిన విహారయాత్రలు చేయుచుండిరని, తాను పట్టాభిషిక్తుడైన పదియేండ్లకు సంబోధికి పోయి ధర్మయాత్రలు ఆరంభించితినని చెప్పుచున్నది. బ్రాహ్మణులను, శ్రమణులను, వృద్ధులను, జానపదులను దర్శించుటయే ఆ యాత్రల పని. ఒక రాజు చూడకయే కొట్టుటలో కీర్తి వెదకినాడు, మరొకడు జనులను చూచుటలో వెదకినాడు.

మనచేత ధనుస్సు లేదు. కాని ఎవరినో గూర్చి చీకటిలో ఏదో చప్పుడు విని మాట విడుచుచునే యున్నాము. విడిచిన మాటయు మరలి రాదు. తెలియక అంటినని పిమ్మట చెప్పుకొనుట కంటె, ఒక్క క్షణము ఆగి చూచుట మేలు. ఒకవేళ తప్పు జరిగిపోయిన, దశరథుని వలె నీటికడవను మనమే మోసికొనిపోయి, ఆ గుడిసె వాకిట నిలిచి, తప్పు ఒప్పుకొనవలెను.

స్వస్తి.