మూడు వేళ్ల సందు

ధబ్.

బండి కింద ఒక్కటే చప్పుడు. రాయి తగిలితే గీరుకుంటుంది. ఇది గీరుకోలేదు, ఇనుమూ ఇనుమూ గుద్దుకుంది. కుర్రాడు బ్రేకు తొక్కిపట్టాడు. నూజివీడు అవతల మామిడితోట, తోట వెనక వాగు, ఆ వాగు గట్టు సగం ఎక్కి ఇక ఎక్కలేక వెనక్కి దిగుతున్న పాత జిప్సీ. శ్రావణమాసపు జల్లు. చక్రాల నిండా ఎర్రమట్టి. అద్దం సందులోంచి తడిమట్టి వాసన వచ్చింది. దాని వెనకే ఇంకో వాసన.

పెట్రోలు.

"ఆపెయ్! ఇంజన్ ఆపెయ్ రా!" గట్టు మీంచి స్నేహితుడి కేక. తాళం తిప్పి బయటికి దూకాడు. బురదలో వెల్లకిలా పడుకుని కిందకి జరిగాడు. ట్యాంకు ముందంచు సొట్టపోయింది. సొట్ట మధ్యలో వెంట్రుకంత పగులు. బొట్టు తర్వాత బొట్టు. అక్కడికి జానెడు దూరంలో సైలెన్సర్ గొట్టం. దాని మీద పడ్డ వానచినుకు చుయ్‌మని ఆవిరైపోయింది.

"సబ్బు! సబ్బుందేమో చూడు!"

స్నేహితుడు కాపలా పాక వైపు పరిగెత్తాడు. అరిగిపోయిన బట్టల సబ్బు ముక్కతో తిరిగొచ్చాడు. లారీవాళ్లు రోడ్డు మీద చేసే పని ఇది. సబ్బుని నీళ్లు కరిగిస్తాయి, పెట్రోలు కరిగించలేదు. బొటనవేలితో మెదిపి పగులులోకి అదిమితే ఆ బొట్టు ఆగిపోయింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. అంతలో జల్లు కాస్తా వానయింది. ట్యాంకు అంచు వెంట నీళ్లు సబ్బు వైపు జారుతున్నాయి.

ఉన్న పెట్రోలంతా డబ్బాల్లోకి తోడి, బండిని టోయింగ్ లారీ మీదకి ఎక్కించేసరికి పొద్దుగూకింది.

విజయవాడ ఆటోనగర్. రాత్రి తొమ్మిది దాటింది. రేకుల షెడ్డు మీద వాన దరువేస్తోంది. లోపల గ్రీజు వాసన, తడిసిన గోనెల వాసన. మేస్త్రికి అరవై పైనే ఉంటాయి. కుర్రాడి నాన్న లారీలు నడిపిన రోజుల నుంచీ ఎరిగిన మనిషి. లుంగీ ఎగ్గట్టి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏం మాట్లాడలేదు. ఆయన చూపు ట్యాంకు మీద ఉండగా వెనకాల చిటపటమని చప్పుడైంది.

హెల్పర్ కుర్రాడు వెల్డింగ్ రాడ్డు గీసి చూస్తున్నాడు.

"ఒరేయ్! కింద పెట్టు! స్విచ్చి ఆపు ముందు!" మేస్త్రి గొంతుకి షెడ్డు దద్దరిల్లింది.

"ట్యాంకు ఖాళీయేగా బాబాయ్. ఒక్క చుక్క వేస్తే అయిపోద్ది," అన్నాడు బండి కుర్రాడు.

"ఖాళీ గనకే చెప్తున్నా. నిండుగా ఉంటే పైన మంటొస్తుంది, అంతే. ఖాళీ ట్యాంకు బాంబురా అబ్బాయ్."

ఆయన మాటలో అతిశయం లేదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పోదు, అడుగునే కూర్చుంటుంది. గాలిలో దాని పాలు నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర దాకా ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. ఖాళీ అనుకున్న ట్యాంకులో సరిగ్గా అంత పాలే మిగిలి ఉండొచ్చు. ఆ రాత్రి వెల్డింగ్ మెషిన్ ప్లగ్గు పీకేసి మేస్త్రి జేబులో పెట్టుకున్నాడు. ట్యాంకు దింపి, మూతా గొట్టాలూ విప్పి, వేణ్ణీళ్లూ సోడా పోసి మూడుసార్లు కుదిపి కడిగారు. పొద్దున్నే పక్క షెడ్డులో రేడియేటర్లు అతికే ఆయన వచ్చి, ట్యాంకుకి గంటసేపు ఆవిరి పట్టి, పగులు దాకా నీళ్లు నింపి, మూతలన్నీ తెరిచి పెట్టి, కాల్చిన రాగి కడ్డీతో సీసం అతుకు వేశాడు.

అతుకు పడింది. అయినా మేస్త్రి మొహం తేరుకోలేదు.

"చిల్లు సంగతి సరే. కొట్టిందెవరు?"

జిప్సీ 1985లో వచ్చింది, 2019లో ఆగిపోయింది. నలభై లీటర్ల ట్యాంకు వెనక యాక్సిల్‌కి అవతల, సామాన్లు పెట్టే చోటు కింద వేలాడుతుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు కమాన్ కట్టలు యాక్సిల్ కింద ఉంటాయి. కుర్రాడు వాటిని యాక్సిల్ పైకి మార్పించాడు. బండి ఐదంగుళాల పైచిలుకు లేచింది. చక్రాలు ముప్ఫై ఒక్క అంగుళాలవి వేయించాడు. అవి మడ్‌గార్డుకి రాసుకోకుండా యాక్సిల్‌ని రెండంగుళాలు వెనక్కి జరిపించాడు. వెనక్కి అంటే ట్యాంకు వైపు. ఇలా మార్చిన బండి రోడ్డెక్కకూడదు. కంపెనీ ఇచ్చిన రూపం మార్చొద్దని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. అందుకే ఇది తోటలో తిరుగుతుంది, రోడ్డు మీద లారీ ఎక్కి వస్తుంది.

"సందు చూసుకునే వేయించా బాబాయ్. మూడు వేళ్లు పడతాయి."

"బండి నిలబడ్డప్పుడు కదా ఆ మూడు వేళ్లు. పరిగెడతా ఉంటేనో?"

వినాయక చవితి దగ్గరపడుతోంది. వీధి చివర బొమ్మలు చేసేవాళ్ల దగ్గర్నుంచి హెల్పర్ దోసెడు బంకమట్టి తెచ్చాడు. ట్యాంకు నిండా నీళ్లు పోసి మళ్లీ బిగించారు. పెట్రోలుకన్నా నీళ్లే బరువు, పరీక్ష కాస్త కఠినంగానే ఉంటుంది. ముందంచు పొడుగునా రెండంగుళాల మందాన మట్టి మెత్తారు. కమాన్ కట్టల్లో మెయిన్ పట్టీ ఉంచి తక్కినవి తీసేశారు. కుడి చక్రం కింద జాకీ పెట్టి, ఇక లేవదన్నంత వరకూ లేపారు. తర్వాత ఎడమ చక్రం. తర్వాత రెండూ. టార్చి వేసి చూశారు.

మట్టి మీద హెల్పర్ వేలిముద్రలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. యాక్సిల్ హౌసింగ్ అసలు తగల్లేదు.

కుర్రాడు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. తగలకుండా ట్యాంకు పగిలిందా? రేకుల మీద వాన తగ్గింది. చూరు నుంచి కారే నీళ్ల చప్పుడొక్కటే. మేస్త్రి టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"అబ్బాయ్, ఆ చప్పుడైనప్పుడు బండి ముందుకు పోతోందా, వెనక్కా?"

"వెనక్కి. ఎక్కలేక రివర్స్ వేశా. టైరు వేరులో ఇరుక్కుంటే గట్టిగా యాక్సిలరేటర్ ఇచ్చా."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "గొలుసు పట్రండి."

వీధిలో నిలిపిన లారీకి గొలుసు కట్టి, రెండో కొస జిప్సీ ముందు కొక్కేనికి తగిలించి, పట్టీలన్నీ తిరిగి బిగించి, 1997 నాటి కార్బరేటర్ బండి కాబట్టి బానెట్ మీద చిన్న డబ్బా వేలాడదీసి దాని నుంచే ఇంజన్‌కి పెట్రోలు అందించి, నలుగురు నాలుగు వైపులా దూరం జరిగి, ఒకరు మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడగా, కుర్రాడు లో గేరు వేసి, రివర్స్ తగిలించి, క్లచ్ మీంచి కాలు వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా వదిలాడు. గొలుసు బిగిసింది. ఇంజన్ మూలిగింది. బండి కదల్లేదు.

కదిలింది హౌసింగ్. నేల మీద చెంప ఆనించి చూస్తున్న మేస్త్రికి స్పష్టంగా కనిపించింది. దాని ముందు ముక్కు నేల వైపు వంగింది. వెనక గిన్నెలాంటి ఉబ్బు పైకి లేచింది. కమాన్ కట్టలు పాము మెలికలా తిరిగాయి. ఆ గిన్నె లేచి, వెనక్కి జరిగి, మెత్తగా మట్టిలోకి దిగిపోయింది.

"చాలు! ఆపు!"

మట్టిలో గిన్నె గుండ్రం అచ్చుపడింది. మట్టిని ట్యాంకు రేకు దాకా నొక్కేసింది. జాకీ చక్రాన్ని లేపగలదు గానీ యాక్సిల్‌ని మెలిపెట్టలేదు. కమాన్ కట్టలు పైకెక్కిన యాక్సిల్‌ని రివర్స్ గేరు ఒక్కటే అలా మెలిపెడుతుంది.

"ట్యాంకు కొంచెం కోసి లోపలికి వంచేద్దామా బాబాయ్?"

"ట్యాంకేం చేసింది పాపం? తిరిగేదాన్ని ఆపాలి."

రెండు రోజులు పట్టింది. హౌసింగ్ నుంచి ఛాసీ దాకా మందపాటి పైపుతో ఒక చెయ్యి వేశారు. ముందు కొస షకిల్ మీద ఊగుతుంది, కాబట్టి చక్రం పైకీ కిందకీ ఆడుతుంది, మెలి మాత్రం తిరగదు. బంప్ స్టాపర్లు అంగుళం పొడుగు చేశారు. ట్యాంకు బ్రాకెట్లు మార్చి అంగుళమున్నర వెనక్కి జరిపారు. జరిపాక పెట్రోలు పోసే రబ్బరు గొట్టం తీగలా బిగుసుకుపోయింది. బండి ఊగితే అదే ఊడి వస్తుంది. మేస్త్రి దాన్ని విప్పించి జానెడు పొడుగుది వేయించాడు. గాలి గొట్టానికి బండి బోల్తా కొట్టినా పెట్రోలు కారనివ్వని వాల్వు పెట్టించాడు. ముందంచుకి మళ్లీ మట్టి మెత్తించాడు.

ఆదివారం. అదే తోట, అదే గట్టు. ఆకుల మీంచి నీటిచుక్కలు రాలుతున్నాయి. కుర్రాడు సగం ఎక్కాడు. చక్రం అదే వేరులో పడింది. రివర్స్ వేశాడు. యాక్సిలరేటర్ తొక్కాడు. బండి వణికింది, గుంజుకుంది, వేరు దాటి కిందకి దిగింది.

చప్పుడు లేదు.

మేస్త్రి లుంగీ బురదలో తడుస్తున్నా పట్టించుకోకుండా కిందకి దూరాడు. హెల్పర్ టార్చి అందించాడు. వెలుతురు ట్యాంకు అంచు పొడుగునా మెల్లగా పాకి, నడుమ ఆగింది.

"ఒరే, ఇటు రా," అన్నాడు మేస్త్రి. "నీ వేలిముద్రలేరా ఇవి. అట్టాగే ఉన్నాయి చూడు."