గగన నీలిమ – అధ్యాస దృష్టాంతం

బ్రహ్మసూత్రాలకు భాష్యం రచించబూని శ్రీ శంకరభగవత్పాదులు ముందుగా అధ్యాసను విచారించారు. అక్కడ పూర్వపక్షి ఆక్షేపం ఇది: ఎదుట కనబడే వస్తువు మీదనే మరొక వస్తువును ఆరోపించగలం, ఇంద్రియగోచరం కాని ప్రత్యగాత్మ మీద దేహధర్మాలు ఎట్లా ఆరోపితమవుతాయి? ఆచార్యులవారు ఆకాశాన్ని దృష్టాంతంగా చూపారు. ఆకాశం రూపరహితం, కంటికి విషయం కాదు. అయినప్పటికీ అవివేకులు దానికి ఒక తలాన్ని, మాలిన్యాన్ని అంటగడుతున్నారు. వ్యాఖ్యాతలు దీనిని బోర్లించిన ఇంద్రనీల కటాహంతో పోల్చి విశదీకరించారు.

ఈ దృష్టాంతాన్ని పట్టుకొని, ఆధునిక భౌతికశాస్త్రం చెప్పినదంతా మన ఆచార్యులు ముందే చెప్పారని కొందరు అంటారు. శాస్త్రజ్ఞానం వచ్చాక ఈ దృష్టాంతం చెల్లదని మరికొందరు అంటారు. ఈ రెండు మాటలూ విచారణకు నిలువవు. ఆ సంగతి తెలియాలంటే నీలిమకు కారణం ఎట్లా నిర్ణయమైందో చూడాలి.

1869లో టిండాల్ అనే శాస్త్రజ్ఞుడు అతిసూక్ష్మ కణాలు నిండిన గాజు గొట్టం గుండా తెల్లని కాంతిని పంపి, పక్క నుండి చూస్తే అది నీలంగా కనబడుతుందని నిరూపించాడు. 1871లో లార్డ్ రేలీ దానికి గణితం కూర్చాడు. కాంతితరంగం పొట్టిదైన కొద్దీ అది మిక్కిలిగా నలుదిక్కులకు చెదురుతుంది. ఎరుపుతో పోలిస్తే నీలకాంతి సుమారు నాలుగు రెట్లు అధికంగా చెదురుతుంది. ఊదాకాంతి ఇంకా ఎక్కువగా చెదిరినా, సూర్యకాంతిలో దాని పాలు తక్కువ, మన నేత్రానికి దాని పట్ల గ్రహణశక్తి కూడా తక్కువ. అందుచేత పగటి ఆకాశం నీలంగా భాసిస్తుంది. ఇందుకు ధూళి అక్కరలేదని, వాయువులోని అణువులే చాలునని 1899లో రేలీయే స్పష్టం చేశాడు.

సముద్రపు నీలిమ మాత్రం ఆకాశపు ప్రతిబింబమేనని ఆయన భావించాడు. విశాఖపట్టణంలో సముద్రతీరాన బాల్యవిద్య గడిపిన చంద్రశేఖర వెంకట రామన్ 1921లో ఇంగ్లండు నుండి ఓడలో తిరిగివస్తూ దీనిని పరీక్షించారు. నికల్ పట్టకంతో నీటి ఉపరితలపు ప్రతిబింబాన్ని తొలగించి చూశారు. నీలిమ తొలగలేదు! జలాణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన గ్రహించారు. ఆ అన్వేషణే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితంగా పరిణమించింది. ఆ సంవత్సరమే రామన్ వద్ద చేరిన కృష్ణాజిల్లావాసి సూరి భగవంతం గారు, హైదరాబాదు నిజాం కళాశాల విద్యార్థి, 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి ఈ విషయం మీదనే ఉద్గ్రంథం వెలువరించారు. 1952 నుండి 1957 వరకు ఉస్మానియా ఉపకులపతిగా ఉన్నారు.

ఆ విశ్వవిద్యాలయానికే చెందిన నిజామియా వేధశాల మధురానగర్, అమీర్‌పేటలకు చేరువలో, బేగంపేటలో ఉండేది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన ఈ వేధశాల 1919లో ఉస్మానియా అధీనంలోకి వచ్చింది. అంతర్జాతీయ నక్షత్రపట నిర్మాణంలో భాగంగా దక్షిణ క్రాంతి 17 నుండి 23 అంశల నడుమ గల నక్షత్రాలను అక్కడ రాత్రులందు ఛాయాచిత్రాలలో నమోదు చేశారు. తెల్లవారగానే ఆ నక్షత్రాలు ఎక్కడికీ పోవు. గాలి చెదరగొట్టిన సూర్యకాంతి వాటిని మన కంటికి మరుగుపరుస్తుంది, అంతే. ఉన్న నక్షత్రాలను కప్పుతున్నదీ, లేని నీలికప్పును చూపుతున్నదీ ఒకే వెలుగు. ఆవరణ విక్షేపాలను అభ్యసించే సాధకునికి ఇంతకన్న సులభమైన ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మన కంటిని చేరే నీలకాంతి అసత్యం కాదు. అది వాయుమండలంలో చెదిరిన సూర్యకాంతి. వాయుమండలం దాటినవారికి సూర్యుడు వెలుగుతుండగానే ఆకాశం నల్లగా కనబడుతుంది. కాబట్టి నీలిమను ఆకాశధర్మంగా, తలపై కప్పుగా తలచడమే భ్రాంతి. ఆచార్యులవారు చూపినది ఆ భ్రాంతిని. నీలిమ ఎట్లా పుడుతుందన్నది వారి ప్రశ్నే కాదు. రేలీ, రామన్ ఆ ప్రశ్నకు సమాధానం చెప్పారు. ఆత్మ విషయం వారు ఎత్తలేదు. ఒకరి గౌరవానికి మరొకరి సాక్ష్యం అవసరం లేదు.

దీపం తెస్తే రజ్జువు మీది సర్పం మాయమవుతుంది. కాని గగన నీలిమ, కారణం తెలిసిన పిదప కూడా, ఎప్పటివలెనే కనబడుతుంది. ఉపాధి ఉన్నంతవరకు తోపు ఉంటుంది గనుక వేదాంతులు దీనిని సోపాధిక భ్రమ అన్నారు. బాధితమై కూడా కొనసాగడాన్ని బాధితానువృత్తి అన్నారు. జ్ఞానం కలిగినా జగత్తు కనబడుతూనే ఉన్నదేమని దిగులుపడే సాధకుడు పగటివేళ ఒకసారి తల ఎత్తి చూడాలి. రామన్ కంటికి కూడా ఆకాశం నీలంగానే కనబడింది. కనబడడం మానలేదు, మోసపోవడం మాత్రం మానింది.