ఆరె నుంచి సొల్యూషన్ దాకా

తొలకరి పడిందంటే ఇంట్లో ఏదో ఒక బూటు నోరు తెరుస్తుంది. ముందు బొటనవేలి దగ్గర సన్నటి చీలిక కనిపిస్తుంది. నాలుగు రోజులు పట్టించుకోకపోతే అడుగు సగానికి ఊడి, నడుస్తుంటే టపటపా కొట్టుకుంటుంది. అప్పుడు హార్డ్‌వేర్ షాపుకెళ్లి పసుపురంగు జిగురు ట్యూబో, చిన్న డబ్బానో తెచ్చుకుంటాం. చెప్పులు బాగుచేసేవాళ్లు దాన్ని సొల్యూషన్ అంటారు. మన బూట్ల తయారీనే మార్చేసిన ఈ జిగురుకు ఇంకా వందేళ్లు నిండలేదు.

అంతకుముందు పాదరక్ష అంటే ఎక్కువగా కుట్టుపనే. తంగేడు చెక్కతో లంద తొట్టిలో పదును చేసిన తోలును మాదిగ పనివాళ్లు రంపెతో కోసి, ఆరెతో పొడిచి, వారుతో బిగించి కుట్టిన కిర్రు చెప్పులు రాళ్ల నేలల్లోనూ రైతు కాళ్లను కాచాయి. తెగితే ఆ కుట్టు విప్పి మళ్లీ కుట్టేవాళ్లు. అమెరికాలోనూ అంతే. 1858లో లైమన్ బ్లేక్ అడుగును పైతోలుకు కుట్టే యంత్రానికి పేటెంట్ పొందాడు. చేతిపని యంత్రానికి మారింది గాని, బూటును పట్టి ఉంచింది మాత్రం దారమే.

రబ్బరును కరిగించి పూయడం కొత్తేమీ కాదు. 1823లోనే చార్లెస్ మాకింటోష్ నాఫ్తాలో రబ్బరు కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి వానకోటుకు బట్ట తయారుచేశాడు. అయితే సహజ రబ్బరు జిగురుకు ఎండా పడదు, నూనే పడదు. ఆ లోటు తీరే దారి ఒక క్రైస్తవ ఫాదర్ ప్రయోగశాలలో మొదలైంది. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం బోధించే జూలియస్ న్యూలాండ్ ఎసిటిలీన్ వాయువు మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. 1925లో ఆయన ఇచ్చిన ప్రసంగం డ్యూపాంట్ కంపెనీ చెవిన పడింది. ఆ కంపెనీలో వాలెస్ కారోథర్స్ బృందంలో ఉన్న ఆర్నాల్డ్ కాలిన్స్‌కు 1930 ఏప్రిల్‌లో ఒక ద్రవం గట్టిపడి ముద్దగా దొరికింది. బల్లకేసి కొడితే బంతిలా ఎగిరింది! 1931లో లోకానికి పరిచయమైన ఆ కృత్రిమ రబ్బరే తర్వాత నియోప్రీన్ అయింది. అదే కారోథర్స్ బృందం ఆ తర్వాత నైలాన్‌నూ కనిపెట్టింది.

ఈ నియోప్రీన్‌ను ద్రావకంలో కరిగిస్తే వచ్చేదే మన సొల్యూషన్. దీని స్వభావం తెలియకే చాలామంది పని చెడగొట్టుకుంటారు. గోందు పూసినట్టు పూసి, తడి మీదే రెండు ముక్కలూ నొక్కేస్తారు. లోపల చిక్కుకున్న ద్రావకం బయటికి పోలేక అతుకు పాలు తాగిన బిస్కెట్‌లా మెత్తగా ఉండిపోతుంది. అసలు పద్ధతి వేరు. ముందు పాత జిగురు పొరను గీకెయ్యాలి. గరుకు కాగితంతో రబ్బరు మీది నునుపు పోయేదాకా రుద్ది, ఆ పొడి తుడవాలి. అడుక్కీ పైభాగానికీ రెండింటికీ పల్చగా పూయాలి. తోలైతే మొదటి పూత పీల్చేసుకుంటుంది, కాబట్టి రెండోది తప్పదు. పది పదిహేను నిమిషాలు ఆగి వేలు ఆనిస్తే వేలికి అంటకూడదు. అప్పుడు కలిపితే ఒక పొరలోని పొడవాటి అణువులు రెండో పొరలోకి చొచ్చుకుపోయి అక్కడే గట్టిపడతాయి. ఒక్కసారి ఆనిందా, ఇక జరపడం కుదరదు. అందుకే ముందు కొసలు సరిచూసుకుని, బొటనవేలి వైపు నుంచి మడమ దాకా మెల్లగా కలుపుకుంటూ రావాలి. ఎంతసేపు నొక్కామన్నది కాదు, ఎంత గట్టిగా నొక్కామన్నదే ముఖ్యం. వీధి చివర కూర్చునే పనివాడు ఇనుప దిమ్మ మీద బోర్లించి సుత్తితో కొట్టేది ఇందుకే. సూపర్ గ్లూ ఇక్కడ పనికిరాదు. అది గాజులా బిగుసుకుపోయి, పాదం వంగిన నాలుగో అడుగుకే పగులుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్, మలయా జపాన్ చేతికి చిక్కాక రబ్బరు కరువొచ్చింది. బ్రిటన్‌లో అంతకుముందే, 1941 జూన్ నుంచే, బూట్లకు కూపన్లు. అమెరికాలో 1943 ఫిబ్రవరి నుంచి మనిషికి ఏడాదికి మూడు జతలే. పాతవాటికి ఇంట్లోనే అడుగులు వేసుకోవడం అవసరమైంది. యుద్ధం ముగిసి నియోప్రీన్ జిగురు చేతికందాక మాత్రం చాలామంది తయారీదారులు కుట్టు వదిలేసి అతుక్కే అలవాటు పడ్డారు. ఖర్చు తగ్గింది, బూటు తేలికైంది. కుట్టులేని బూటు ఊడితే జిగురు తప్ప దిక్కు లేని పరిస్థితీ వచ్చింది.

ఈ చౌక వెనక ఉన్న ఖర్చు మరొకరు కట్టారు. జిగురు కరగాలంటే ద్రావకం కావాలి, చాలాచోట్ల అది బెంజీన్. ఇస్తాంబుల్‌లోని ఇరుకు గదుల్లో, గాలి ఆడని చోట, బూట్లు అతికించే పనివాళ్లకు రక్తం పాడవడం ముజాఫర్ అక్సోయ్ అనే వైద్యుడు గమనించాడు. సుమారు 28,500 మంది పనివాళ్లలో 26 మందికి రక్త క్యాన్సర్ లేదా దాని ముందుదశ వచ్చిందని 1974లో ప్రచురించాడు. అది సాధారణ జనంలో కంటే దాదాపు రెట్టింపు. ఇటలీ 1963లోనే చట్టం తెచ్చి జిగురులో బెంజీన్‌కు కళ్లెం వేసింది. దాని స్థానంలో వచ్చిన హెక్సేన్ ఇంకో రోగం తెచ్చింది. జపాన్‌లోని మియె ప్రాంతంలో ఇళ్లలోనే కూర్చుని చెప్పులు అతికించేవాళ్లకు 1960ల చివర్లో ముందు పాదాలు మొద్దుబారాయి, తర్వాత కాళ్లు చేతులు పట్టుతప్పాయి. నరాలు దెబ్బతిన్నాయి. వాళ్లందరిదీ పొట్టకూటి పనే. వాళ్ల పేర్లు ఏ జిగురు డబ్బా మీదా ఉండవు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది అదే.

ఇవాళ చాలా డబ్బాల్లో టొలుయీన్ లాంటి ద్రావకాలు ఉంటాయి. అవీ ఆవిరై తల తిప్పుతాయి, నిప్పు తగిలితే భగ్గుమంటాయి. వంటగదిలో పొయ్యి దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. బాల్కనీలోనో, కిటికీలు తెరిచిన గదిలోనో చేసుకోవాలి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకూడదు. ఎంత ఓపికగా పూసినా కొన్ని అడుగులు నిలవవు. పీవీసీలోని మెత్తబరిచే నూనె నియోప్రీన్‌ను తినేస్తుంది, కాబట్టి దానికి పాలీయురెథేన్ జిగురు తెచ్చుకోవాలి. పాలీయురెథేన్ అడుగుదైతే ఇంకో కథ: అలమారలో ఏళ్ల తరబడి దాచిన బూటు మన తేమలో దానంతట అదే పిండిలా రాలుతుంది, దానికి జిగురు పట్టదు.

నీటితో చేసే పాలీయురెథేన్ జిగురు ఇప్పుడు దొరుకుతోంది. పెద్ద ఫ్యాక్టరీలు కొన్ని దానికి మారాయి. ఆరడానికి వేడి యంత్రం కావాలి, ధరా ఎక్కువే. ఆగ్రాలో ఇంటి గదుల్లో బూట్లు అతికించే కుటుంబాలకు ఆ యంత్రం కొనే స్తోమత లేదు. వాళ్ల పక్కన ఇప్పటికీ మూత తీసి ఉన్నది పాత సొల్యూషన్ డబ్బానే.