శ్రీనగర్ - లేహ్ : 255 కిలోమీటర్ల విమాన ప్రయాణం

శ్రీనగర్ నుండి లేహ్ కు గాలిలో దూరం సుమారు 255 కి.మీ. మాత్రమే. ఈనాటి జెట్ విమానానికి ముప్పావు గంట పని. అదే రోడ్డు మీద 420 కి.మీ. పైమాటే, మధ్యలో కార్గిల్ లో రాత్రి బస. లడఖ్ లో పనిచేసిన మన జవాన్లందరికీ ఈ లెక్క తెలుసు. కానీ 1948లో ఈ 255 కిలోమీటర్లే లేహ్ ప్రాణం మీదకు తెచ్చాయి.

అప్పుడు రోడ్డు లేదు, గుర్రాలు నడిచే బాట మాత్రమే. నడిస్తే రెండు వారాలు దాటేది. దారిలో 11,500 అడుగుల జోజిలా కనుమ చలికాలమంతా మంచుతో మూసుకుపోయేది. ఫిబ్రవరి 1948లో మేజర్ పృథీచంద్ దాదాపు నలభై మంది డోగ్రా రెజిమెంటు వాలంటీర్లతో ఆ మంచులోనే కనుమ దాటి, మార్చి 8న లేహ్ చేరాడు. వారితో వచ్చిన ఇంజనీరు సోనమ్ నోర్బు అక్కడి ప్రజల చేత, యంత్రాలు లేకుండా, సింధు నది ఒడ్డున నెల తిరక్కుండానే ఎయిర్ స్ట్రిప్ తయారు చేయించాడు. నా మటుకు ఈ కథలో అసలు హీరో ఈయనే. విమానం నడిపిన వారి పేరు అందరికీ గుర్తుంటుంది, నేల చదును చేసిన వాడి పేరు ఎవరికి గుర్తు?

మే నెలలో కార్గిల్ శత్రువు చేతిలో పడింది. ఇక శ్రీనగర్ నుండి లేహ్ కు నడక దారి కూడా తెగిపోయింది.

మే 24న ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్ డకోటా తీసుకుని బయలుదేరాడు. పక్కన జనరల్ తిమ్మయ్య. డకోటా వేగం గంటకు 250 కి.మీ. అనుకుంటే కాగితం మీద గంట ప్రయాణమే. కానీ ఆ కొండలు దాటాలంటే 23 వేల అడుగుల దాకా ఎక్కాలి, అది ఆ విమానం శక్తికి ఆఖరు హద్దు. లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు. సరైన మ్యాపు లేదు. దిగవలసిన చోటు పదివేల అడుగుల పైన ఇసుక నేల. అయినా దిగాడు. తర్వాత కొద్ది రోజులకే డకోటాల్లో గూర్ఖా జవాన్లు దిగారు, లేహ్ నిలిచింది. నవంబరు 1న మన స్టూవర్ట్ ట్యాంకులు జోజిలా ఛేదించాక గాని శ్రీనగర్ నుండి నేల దారి తెరుచుకోలేదు.

ఈ రోజుకీ లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే. మధ్యాహ్నం లోయలో గాలులు లేస్తాయి, పలుచని గాలిలో బరువు కూడా తగ్గించుకోవాలి. నేను చండీగఢ్ నుండి వెళ్ళినప్పుడు 390 కి.మీ. గంట ప్రయాణానికి ట్రాన్సిట్ క్యాంపులో మూడు రోజులు పడిగాపులు పడ్డాం. దిగాక ఇంకో ఆరు రోజులు ఒళ్ళు అలవాటు పడడానికి విశ్రాంతి. రోడ్డున వచ్చిన వాళ్ళకి ఆ బాధ కొంచెం తక్కువ, వాళ్ళు మెల్లగా ఎక్కుతూ వస్తారు గనుక.